సంగటి కట్టెతో చేసిన పాస్తా

నలభై ఊళ్ల పెళ్లిళ్లకు వంట చేసినవాణ్ని, ఈ పాస్తా నాకొక లెక్కా అని నా భార్యతో అన్నాను. నిజానికి శిరివెళ్లలో ఒకే ఒక్క పెళ్లికి వంకాయలు తరిగాను. అవీ పుచ్చులు చూడకుండా తరిగానని వంటాయన కత్తిపీట లాక్కున్నాడు.

గొప్పలకు అది సమయం కాదు. జ్వరం తగ్గినా ఆమెకు నోరు హితవు లేదు. నాలుగు రోజులుగా గంజి కూడా ముట్టలేదు. ఈ పూట నోటితో ఏమైనా తినకపోతే పొద్దున్నే తీసుకురండి, ముక్కులోంచి పైపు వేయాల్సిందేనని నంద్యాల డాక్టరు ఫోన్లో చెప్పాడు. వాళ్లక్క చివరి నెల ఆ పైపుతోనే గడిచింది. ఆ మాట విని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఏం తింటావని వందసార్లు అడిగాను. సరే, పదిసార్లు. చివరికి, నంద్యాల బేకరీలో తిన్నామే, పైన చీజు ఎర్రగా కాలినది, అది కావాలంది.

అక్కణ్నుంచి తెస్తే మా ఆళ్లగడ్డ చేరేసరికి తోలులా సాగుతుంది. పక్కింటి దర్జీ భార్య అరగంట పనేనంటూ ఎట్లా చేయాలో చెప్పింది. పాస్తా ఉడికించి నీళ్లు వంచాలి. టమాటా గుజ్జు, పాలు కలిపి పైన చీజు తురమాలి. కుక్కరు అడుగున ఉప్పు పోసి వేడిచేసి, రబ్బరూ విజిలూ తీసేసి, గిన్నె లోపల పెట్టి చీజు కాలేదాకా మూయాలి.

నాకు చేతనైన వంట ఒక్క రాగిసంగటే. పాస్తా మెత్తబడగానే చెయ్యి దానంతటదే సంగటి కట్టె అందుకుంది. నీళ్లు వంచకుండానే, గిన్నెను పాదాల మధ్య బిగించి గెలికాను. ఉండ కట్టకుండా వచ్చిందని మురిసిపోయాను కూడా. తర్వాత చూస్తే ఒక్క గొట్టం మిగల్లేదు. ఇంకో ప్యాకెట్టు లేదు. ఆ ముద్దలోనే అన్నీ కలిపి కుక్కర్లో పెట్టి, అహోబిలానికి కాలినడకన వస్తానని మొక్కుకున్నాను. మోకాళ్లు గుర్తొచ్చి, జీపులోనైనా వస్తానని సవరించుకున్నాను.

చీజు మాత్రం ఎర్రగా కాలింది. పళ్లెం ముందు పెట్టాను.

"ఏందప్పా ఇది?"

"పాస్తానే మే. ఇటలీలో ముసలోళ్లకు ఇట్లనే చేస్తారు."

"నువ్వెప్పుడు పోయినావ్ ఇటలీకి?"

"కర్నూలు దాటి యాడికీ పోలేదులే. సంగటి మాదిరి గెలికేసినా."

ఆమె నవ్వలేదు. సంగటికి చేసినట్టే బొటనవేలితో నడిమిన గుంట చేసి, ఆరనిచ్చి, ఒక ముద్ద తీసుకుంది. తర్వాత ఇంకొకటి. మూడో ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. నాలుగోదానికి నోరు తెరవలేదు.

డాక్టరుకు ఫోన్ చేసి పళ్లెం ఖాళీ అయిందని చెబుతుంటే ఆమె విన్నది.

"అబద్దం చెప్పాకప్పా. మూడు ముద్దలని చెప్పు."

చెప్పాను. పడుకునేలోగా ఇంకో మూడు ముద్దలు తింటే చూద్దాం, లేకుంటే తీసుకురండి అన్నాడాయన.

"తింటానంటావా?" అని ఆమె నన్నే అడిగింది.

ఎప్పుడూ నాలుక చివరే ఉండే అబద్ధాల్లో ఒక్కటీ రాలేదు. గట్టిపడుతున్న ముద్దలో కాసిన్ని వేడిపాలు పోసి, వేళ్లతో మెదుపుతూ ఆమె పక్కనే కూర్చున్నాను.