టీచర్‌కు కూడా చెప్పం

మా బడిలో కంప్యూటర్ ఉంది. దాని మీద ఓ పాత దుప్పటి ఉంది. ఆ దుప్పటి తీసి ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందో నేను మొఘల్‌పురాకు బదిలీ మీద వచ్చేనాటికే ఎవరికీ గుర్తు లేదు. అలాంటి బడిలో పిల్లలకు ఇంటర్నెట్ భద్రత మీద వారోత్సవం జరపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆర్డర్లకేం, రోజూ వస్తూనే ఉంటాయి. జరిపినట్టు ఫోటోలు ఏ రోజువి ఆ రోజు గ్రూపులో పెట్టాలి. ఫోటో పెట్టకపోతే జరపనట్టే లెక్క.

తెలుగు మీడియానికి మేమిద్దరం టీచర్లం. అదే ఆవరణలో అవతలి గదులు ఉర్దూ మీడియానివి. మలక్‌పేట నుంచి బస్సులు మారి వచ్చేసరికే నాకు సగం ప్రాణం పోయేది. మిగతా సగం గుడ్ల లెక్కలకు, ఇంటింటి సర్వేలకు, ఈ ఫోటోలకు. చదువు చెప్పేది మధ్యలో ఎక్కడన్నా సందు దొరికితేనే.

అయినా ఈ ఒక్క విషయం మాత్రం మనసుపెట్టి చెప్పాను. ఎందుకంటే మా పిల్లల ఇళ్లల్లో కంప్యూటర్ లేకపోయినా ఫోన్ ఉంటుంది, ఆ ఫోన్ చదవడం వచ్చింది ఇంటిల్లిపాదిలో ఈ పిల్లలకే. గ్యాస్ బండ మెసేజీ, రేషన్ మెసేజీ, దవాఖానా మెసేజీ అన్నీ వీళ్లే చదివి పెద్దవాళ్లకు చెప్తారు. వాళ్లను మోసం చేస్తే ఇల్లంతా మోసపోయినట్టే. వట్టిగా చెబితే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారని ఓ ప్రమాణం కట్టి, పొద్దున ప్రార్థన కాగానే చెప్పించేదాన్ని.

"ఫోన్‌కు వచ్చిన ఓటీపీ మామకు చెప్తరా?"

"చెప్పం!"

"మంత్రికి చెప్తరా?"

"చెప్పం!"

"టీచర్‌కు చెప్తరా?"

"చెప్పం!"

ఆ చివరి 'చెప్పం' దగ్గర పిల్లలకు ఎక్కడలేని హుషారు. టీచర్ మొహం మీదే అంత గట్టిగా అరిచే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? గోడ అవతల నుంచి ఉర్దూ మీడియం పిల్లలు కూడా "నై బోల్తే!" అని గొంతు కలిపేవారు. దొంగలు ఎవరి గొంతైనా మిషన్‌తో తయారు చేస్తారని, అనుమానమొచ్చినా, బెదిరించినా ఫోన్ కట్ చేసి ఆ నంబర్‌ను బ్లాక్ చేయమని, అది ఎలాగో కూడా నా ఫోన్‌లో చూపించాను. ఫోటోలు పెట్టాను. పైనుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. సిగ్గులేకుండా మురిసిపోయాను.

నాలుగో తరగతిలో ఓ పిల్ల ఉండేది. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది గానీ చదువులో చురుకు. ఇల్లు దబీర్‌పురాలో, రైలు స్టేషన్ వెనక, ఒకటే గది. తండ్రి పోయాడు. తల్లి ఓ ప్రైవేటు దవాఖానాలో ఆయా. నాయనమ్మకు పక్షవాతం, మంచంలోనే అన్నీ. తల్లి మధ్యాహ్నం డ్యూటీకి పోతే, బడి వదిలేదాకా పక్కింటామె ఓ కన్నేసి ఉంచేది. ఆ తర్వాత తల్లి వచ్చేదాకా ముసలామెకు తినిపించడం, తుడవడం, పక్క మార్చడం అన్నీ ఈ పిల్లే. డ్యూటీలో ఫోన్ పట్టుకోనివ్వరు గనక, తల్లి ఫోన్ ఇంట్లోనే వదిలిపోయేది; బడి వదిలాక అది కూడా ఈ పిల్ల దగ్గరే ఉండేది. పొద్దున బడికొచ్చి బల్ల మీద తల పెట్టి నిద్రపోయేది. నేను లేపేదాన్ని కాదు.

ఒకరోజు తల్లి గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"టీచరమ్మా, ఐదో తరగతికి హాస్టల్ బడి ఉంటదట గదా. దీన్ని అండ్ల ఎయ్యుండ్రి. మా అత్తను నేను ఎట్లనో అట్ల చూసుకుంట. ఈడ ఉంటే నా లెక్కనే అయితది."

ఆ బడిలో ఐదో తరగతికే తీసుకుంటారు. ఈ ఏడు దాటితే మళ్లీ లేదు. పరీక్ష రాస్తే ఈ పిల్లకు సీటు ఖాయమని నాకు తెలుసు. "ఫికర్ చెయ్యకు, నేను చూస్త" అన్నాను.

చూడటం అంటే మాటలా? ఆదాయం సర్టిఫికెట్ కోసం తల్లి తహసీల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. అది చేతికొచ్చింది దరఖాస్తుకు ఆఖరి రోజున. ఆ సాయంత్రం ఆరింటికి సైట్ బంద్. బడి వదలగానే పిల్ల నాయనమ్మ కోసం పరుగెత్తింది, నేను కాగితాలు పట్టుకుని బడి దగ్గరి ఆన్‌లైన్ సెంటర్‌కు పరుగెత్తాను. సెంటర్ నడిపే భాయ్ మంచివాడు. గిరాకీనంతా పక్కన కూర్చోబెట్టి నా పని ముందేసుకున్నాడు. సైట్ తెరుచుకోవడానికే మా ఇద్దరి తలప్రాణం తోకకొచ్చింది. ఫోటో ఎక్కింది, సర్టిఫికెట్ ఎక్కింది, సంతకం ఎక్కింది. ఏనుగు పోయి తోక చిక్కినట్టు, చివర్లో ఓటీపీ దగ్గర ఆగింది. అది తల్లి ఫోన్‌కు పోయింది. అంటే పిల్ల దగ్గరికి.

ఫోన్ చేశాను. తల్లికి చదువు రాదు, ఫోన్‌లో ఎవరి పేరూ రాసి పెట్టుకోలేదు. నా నంబర్ పిల్లకు తెలియదు.

"బిడ్డా, నేను టీచర్‌ను. ఇప్పుడే మెసేజ్ వచ్చింది చూడు, గా నంబర్ చెప్పు."

"చెప్ప" అంది.

"ఏయ్, నేనే! నా గొంతు తెలుస్తలేదా?"

"గొంతు మిషిన్ల చేస్తరు. మా టీచర్ చెప్పింది."

"ఆ టీచర్‌నే నేను! కావాలంటే ఏదన్న అడుగు."

"మా నాయనమ్మకు ఏం బీమారి?"

"పక్షవాతం!"

"గది మా గల్లీ మొత్తానికి ఎరికే" అంది.

భాయ్ పక్కనుంచి మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నకరాలు చెయ్యకు, టైమ్ అయిపోతున్నది, చెప్పు!" అని అరిచాను. అరవకుండా ఉండాల్సింది. బెదిరిస్తే కట్ చేయమని నేర్పాను కదా, కట్ చేసింది. మళ్లీ చేస్తే మోగలేదు. బ్లాక్ చేసింది.

భాయ్ తన ఫోన్ తీశాడు. "బేటీ, మీ టీచర్ నా దగ్గరనే ఉన్నది, గా నంబర్ చెప్పమ్మా" అని బతిమాలాడు. అదీ కట్ చేసింది, అదీ బ్లాక్. భాయ్ ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"మస్తు చదువు చెప్పిండ్రు మేడమ్" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు.

ఇక చేసేదేముంది? "నేను ఇంటికే పోత, ఆడికి పోయినంక ఫోన్ చేస్త, మళ్ల ఓటీపీ పంపుండ్రి" అని చెప్పి ఆటో ఎక్కాను. ఆ వేళకు ఆ రోడ్ల మీద ఆటో నడవదు, పాకుతుంది. ఎవరో బండి అడ్డం పెట్టి లొల్లి. ఆటో దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచాను. మోకాళ్లు పీకాయి. ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషిని, రోడ్డు మీద కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాను.

తలుపు తీయగానే పిల్ల మొహం వెలిగిపోయింది.

"టీచర్! ఎరికేనా, ఇద్దరు దొంగలు ఫోన్ చేసిండ్రు! ఒకామె అచ్చం మీ లెక్కనే మాట్లాడింది. తిట్టింది గూడ. నేను చెప్తనా! మెసేజ్ గూడ తీసేసిన!"

ఆ మొహం చూస్తూనే భాయ్‌కి ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి, పిల్ల చేతిలోంచి తల్లి ఫోన్ అందుకున్నాను. ఓటీపీ వస్తుందని దాని తెర వంకే చూస్తున్నాను. రాలేదు. అవతల భాయ్ కీబోర్డు టకటకమని చప్పుడు చేస్తోంది. ఆగింది.

"మేడమ్, బంద్ అయింది. టైమ్ అయిపోయిందని చూపిస్తున్నది. మళ్ల కొట్టిన, మళ్ల అదే. మాఫ్ కర్నా."

పిల్ల నా ఫోన్ వైపు చూసింది. చురుకైన పిల్ల అని చెప్పాను కదా.

"గిది గా రెండో దొంగ గొంతు" అంది మెల్లగా. తర్వాత నా మొహం చూసింది. "అయితే ఆమె... మీరేనా?"

"నేనే బిడ్డా."

"హాస్టల్ బడి కోసమా?"

తల ఊపాను.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేళ్లు నలుపుకుంటూ నిలబడింది. "నేను తప్పు చేసిన్నా టీచర్?"

"లేదు" అన్నాను. "నువ్వేం తప్పు చెయ్యలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసినవు." ఆ మాట నిజం. నిజమైనందుకే అంత కష్టంగా ఉంది నాకు. తల్లి వచ్చాక ఏం చెప్పాలో, ఏ ఆఫీసుకు పోయి ఎవరి కాళ్లు పట్టుకుంటే సైట్ మళ్లీ తెరుచుకుంటుందో ఆలోచించడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకున్నాను. నాకు తెలుసు, తెరుచుకోదు.

లోపల ముసలామె మూలిగింది. పిల్ల లంగాకు చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి పోయింది. ఒక చేయి నాయనమ్మ భుజం కింద, ఒక చేయి నడుము కింద పెట్టి, అలవాటైన మనిషిలా కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడి, నన్ను పిలిచింది.

"టీచర్, గా దిక్కు జర పట్టుండ్రి. ఒక్కదాన్నే తిప్పుతుంటే నడుం గుంజుతున్నది."

వెళ్లి పట్టుకున్నాను.