డెబ్బై రెండు అంగుళాల అమ్మ దీవెన

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో ఉన్న మా స్టిక్కర్ల కొట్లో కూర్చుని, ఏదో ట్రావెల్స్ వ్యానుకు మిషను అక్షరాలు కోస్తుంటే చూస్తూ ఉండగా పాకాల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మామిడికాయల లోడ్లు తోలిన లారీ యజమాని కూతురు. వాళ్ళ నాయన కొన్న మొట్టమొదటి బండి, ముందు మూతి పొడుచుకొచ్చి ఉండే పాతకాలపు లారీ, పన్నెండేళ్లుగా తోటలో షెడ్డు కింద పడి ఉంటే, దాన్ని బాగుచేయించి, చెక్క బాడీలో పుచ్చిన పలకలు మార్పించి, ఎర్రరంగు కూడా వేయించిందట. అక్షరాల దగ్గరికి వచ్చి పని ఆగిపోయింది.

"అన్నా, స్టిక్కరు అంటించినారంటే నేను ఆ బండి ఎక్కేదే లేదని మా నాయన పట్టుబట్టి కూర్చోనుండాడు. మీ బావ మాదిరి చేత్తో రాసేవాళ్ళు ఇప్పుడు యాడన్నా ఉండారా?" అని అడిగింది.

బావ పోయి పద్నాలుగు నెలలైందని చెప్పాను. తర్వాత నేనే వస్తానని నా నోటితో నేనే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నేను ఆవేశపడి మాటలిచ్చే మనిషిని కాను, ఆ రోజు కూడా నాలో ఆవేశమేమీ లేదు. చాలా కాలంగా నాలో ఏదీ పెద్దగా కదలడం లేదు. బావను మోసుకుపోయే రోజున అందరూ ఏడుస్తున్నారు, నేను మాత్రం పాడెకు కట్టిన రెండు వెదుళ్ళలో ఒకటి ఇంకోదానికంటే జానెడు పొడవుందని గమనించి, ఆ తేడానే చూస్తూ నడిచాను. మా అక్క అది చూసింది.

నా వయసు వాళ్ళకు చిత్తూరులో లారీ బాడీలు కట్టే షెడ్లు గుర్తుండే ఉంటాయి. చెక్క కోసే రంపాల మోత, వార్నిషు వాసన, షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన పేరులేని బండ్లు. నేను చదివింది ఎనిమిదో తరగతే అయినా లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఒక టింబర్ డిపోలో దుంగ చుట్టుకొలత, పొడవు చూసి ఎన్ని ఘనపుటడుగుల చెక్క వస్తుందో నోటితో చెప్పే పని చేసేవాణ్ణి. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆ డిపో మూతపడింది. అప్పటికే లారీల మీద అక్షరాలు రాయడంలో పేరున్న మా బావ, అంటే మా అక్క మొగుడు, నన్ను తన షెడ్డుకు తీసుకుపోయాడు. కుంచె నాకివ్వలేదు. కొలతబద్ద, సుద్దదారం ఇచ్చాడు. పలక మీద గీతలు కొట్టి, ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో గుర్తులు పెట్టడం నా పని. ఆ గుర్తుల మధ్య అక్షరం రాయడం ఆయన పని.

మొదటి రోజు నేను చేసిన తప్పు తర్వాత కథగా షెడ్లన్నిటికీ పాకింది. ఒక పాలవ్యాను మీద పేరుకు ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి, పలకను అన్ని సమాన గళ్ళుగా విడగొట్టాను. దుంగలు కోసేవాడికి అంతకంటే న్యాయమైన పద్ధతి ఏం తోస్తుంది? బావ ఆ గళ్ళను చూసి, కుంచె చెవి మీద పెట్టుకుని, నవ్వీ నవ్వీ దగ్గొచ్చి కూర్చున్నాడు. "ఏం బామ్మర్దీ, ర కి బంగళా కట్టించి, మ ని గుడిసెలో పెట్టినావు కదప్పా! అది కాళ్ళు యాడ చాపుకుంటుంది?" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు, ఎవరు షెడ్డుకొచ్చినా, మా బామ్మర్ది కొలవకుండా ముద్ద కూడా నోట్లో పెట్టుకోడని పరిచయం చేసేవాడు.

నాకు పౌరుషం వచ్చింది. ఆ కాలంలో నాకు అలాంటివి వచ్చేవి. ఆయన రాసిన పలకలన్నీ తిరిగి, ఒక్కో అక్షరం వెడల్పు టేపుతో కొలిచి, సగటు తీసి, అట్టముక్క మీద ఒక పట్టిక తయారుచేశాను. 'న'కు మూడు పాళ్ళు, 'అ'కు నాలుగు, 'మ'కు ఐదు, రెండు అక్షరాల మధ్య సందుకు ఒక పాలు, రెండు మాటల మధ్య రెండు. పలక పొడవులో అంచులు తీసేసి, మిగిలినదాన్ని మొత్తం పాళ్ళతో భాగిస్తే ఒక పాలు ఎంతో తేలిపోతుంది. ఈ పాకాల ఆసామి బండికి నుదుటి మీద, అంటే డ్రైవరు క్యాబిను పైనుండే పలక మీద, మేము రాసిన మాట 'అమ్మ దీవెన'. నాలుగు, ఐదు, మూడు, నాలుగు, మూడు కలిపితే పంతొమ్మిది, సందులు ఐదు, మొత్తం ఇరవై నాలుగు పాళ్ళు. పలక డెబ్బై ఎనిమిది అంగుళాలు, రెండు వైపులా మూడేసి అంగుళాలు వదిలితే డెబ్బై రెండు. అంటే పాలుకు మూడు అంగుళాలు, శేషం లేదు. శేషం రాని లెక్క దొరికిన రోజు నాకు అన్నం కూడా ఎక్కువ సహించేది. బావ రాయడం అయిపోయాక మొదటి అక్షరం అంచు నుంచి చివరి అక్షరం అంచు దాకా టేపు పట్టి చూసేవాణ్ణి. ప్రతిసారీ నేను చెప్పిన అంకెకు సరిపోయేది. ఆయన అక్షరాలు అంత అందంగా రావడానికి సగం కారణం నా పట్టిక అని పదేళ్ళకు పైగా లోలోపల నమ్మాను.

తర్వాత జరిగింది మీకూ తెలిసిందే. స్టిక్కరు కోసే మిషన్లు వచ్చాయి. లెక్క తెలిసినవాణ్ణి కాబట్టి, ఒక పలకకు బావకు పట్టే సమయంలో మిషను ఎన్ని పలకలు కోస్తుందో అందరికంటే ముందు నాకే తెలిసింది. తిరుపతి వచ్చి కొట్టు పెట్టాను. చిత్తూరు షెడ్ల వాళ్ళు కొలతలు నాకు ఫోన్లో చెప్పడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా బావ షెడ్డు మూతపడింది. ఆయన కరెంటు స్తంభాల మీద నంబర్లు వేసే పనికి, బడుల్లో నల్లబల్లలకు రంగు పూసే పనికి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పండక్కి పోతే ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. మా అక్క మాత్రం వడ్డిస్తూ నా ముఖం చూసేది కాదు.

అందుకే, పాకాల బండికి రాయాలంటే బావ కుంచెలు కావాలని అక్కకు ఫోన్ చేసినప్పుడు, ఇవ్వదనే అనుకున్నాను. కానీ అక్క, "నేనే తెస్తా. నువ్వు రాసింది నేను చూడాల. చూసినంక చెప్తా, అవి నీ కాడ ఉండాల్నా, నాతో చిత్తూరు రావాల్నా అని" అంది. ఆ ఉడుత వెంట్రుకల కుంచెలు తొమ్మిది. ఆయన మంచంలో ఉన్నప్పుడు కూడా వాటికి నూనె పట్టించమని అడిగేవాడట. అక్క నా చేతికి ఇవ్వగలిగినవి ఆ ఇంట్లో అవి తప్ప మరేమీ లేవు, అది ఇద్దరికీ తెలుసు.

పాకాల షెడ్డులో అక్క స్టూలు వేసుకుని కూర్చుంది. నేను నిచ్చెన ఎక్కి, పాత అట్టముక్క జేబులోంచి తీసి, దారం కొట్టి, డెబ్బై రెండు అంగుళాల్లో ఐదు అక్షరాలకూ సుద్దతో రూపం గీశాను. గంటా పది నిమిషాలు పట్టింది. ఒక్క గీత కూడా తప్పలేదు. దిగి వచ్చి పక్కన నిలబడ్డాను. అక్క లేచి, రోడ్డు దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసింది.

"కొలతలు బాగుండాయిరా" అంది. "అక్షరాలే లేవు."

అలవాటుగా టేపు కోసం నా చెయ్యి పోయింది. "దాన్ని అడిగితే ఏం చెప్తుంది? ఈడికొచ్చి నువ్వు చూడు" అని అరిచింది. పోయి చూశాను. నిజమే. నేలమీద నిలబడి తలెత్తి చూస్తే అక్షరాల తలలు అణిగిపోయి ఉన్నాయి. పలక రెండు చివర్లా వెనక్కి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి 'అ', 'న' రెండూ బక్కచిక్కి, మధ్యవి లావుగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను రోడ్డు మీద నిలబడి చూడలేదని అప్పుడు తట్టింది. చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు, లెక్క సరిపోయేది కదా.

తడిగుడ్డతో సుద్ద తుడుస్తుంటే వేలి కింద ఏదో గరుకుగా తగిలింది. కొత్త ఎర్రరంగు కింద సన్నని గట్టులాంటి గీత. రంగు మీద రంగు పూసినా పాత అక్షరాల అంచులు లోపలి నుంచి ఉబ్బి ఉంటాయని ఈ పని చేసినవాళ్ళకు తెలుసు. పక్కనుంచి ఎండ పడుతోంది, తల వంచి చూస్తే బావ చివరిసారి రాసిన 'అమ్మ దీవెన' మొత్తం కనిపించింది. టేపు పట్టాను. 'అ' పన్నెండు ఉండాలి, పన్నెండూ ముప్పావు ఉంది. 'మ్మ' పదిహేను కాదు, పద్నాలుగున్నర. 'దీ' ఎనిమిదిన్నర. 'వె' పదకొండున్నర. 'న' తొమ్మిదీ ముప్పావు. అక్షరాల తలలన్నీ నా పైగీతను అరంగుళం దాటి పైకి పోయాయి. చివర్లకు పెంచిందీ మధ్యలో తగ్గించిందీ కలిపితే ఒకటిన్నరకు ఒకటిన్నర. మొత్తం మాత్రం డెబ్బై రెండే.

మొత్తం సరిపోతే లోపలివీ సరిపోయినట్టే అనుకోవడం లెక్కలవాళ్ళు చేసే తప్పు. నేను పదేళ్ళకు పైగా చేశాను. నిచ్చెన మీదనుంచే అక్కకు చెప్పాను, బావ నా గీతల మీద ఎప్పుడూ రాయలేదని.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అని అక్క కొంగుతో మూతి తుడుచుకుంది. "ముందు నీ గీతలకు దండం పెట్టేవాడు, తర్వాత తన దోవన తాను పొయ్యేవాడు. చెప్పొచ్చు కదా అంటే, వాడు టేపు పట్టినప్పుడు మొత్తం కుదరాలే, లేకపోతే ముఖం చిన్నబోతుంది అనేవాడు."

ఆ మాట విన్నప్పుడు లోపల ఏదో ఒకటి కావాలి కదా, ఏమీ కాలేదు. నిచ్చెన మెట్టు అంచు అరికాలికి గుచ్చుకుంటోందని తెలిసింది, అంతే. కుంచె పసుపురంగులో ముంచి, వేలితో అంచు తడుముకుంటూ, బావ గీత వెంబడే పోయాను. మధ్యాహ్నానికి అయిపోయింది. అక్క మళ్ళీ రోడ్డు మీదికి పోయి చూసి వచ్చింది. ఈసారి ఆమె గొంతు తగ్గింది. "ఇది ఆయనదిరా. నీది యాడ?" అంది.

నాది రాయడానికి బండి వెనక తలుపు మిగిలి ఉంది. పాత పలకలు పుచ్చిపోతే కొత్తవి వేశారు, వాటి కింద ఏ అంచూ లేదు. ఆ తలుపు మీద బావ ఎప్పుడూ రాసే మాట 'నిదానంగా రా అప్పా'. నేను అట్టముక్క తీయబోతే అక్క చెయ్యి చాపింది. దాన్ని, టేపును రెండింటినీ తన సంచిలో వేసుకుంది. సుద్ద కూడా ఇవ్వలేదు.

ఒట్టి పలక ముందు నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. ఎడమ చేతిలో ఆనుకునే కర్ర పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు పెట్టి, 'ని' రాశాను. గుడి కొంచెం పక్కకు ఒరిగింది. వెనక్కి నడిచి చూశాను, మళ్ళీ వచ్చాను. ఒక్కో అక్షరానికీ అలాగే నడిచాను. 'రా' దగ్గరికి వచ్చేసరికి మిగిలిన చోటు చాలదని కంటికే తెలిసింది. అయినా కుంచె ఆపలేదు. 'ప్పా' తలుపు చివరన, నిండిన బస్సులో ఆఖర్న ఎక్కినవాడిలా, ఒక భుజం లోపల ఒక భుజం బయట పెట్టుకుని నిలబడింది. మణికట్టు నొప్పి పుట్టింది.

అక్క చూసి మొదట నవ్వింది, చాలా ఏళ్ళ తర్వాత నా ఎదుట నవ్వడం అది. "పాపం, ఆ 'ప్పా'కు బస్సు కమ్మీ పట్టుకునేదానికన్నా చోటుండాదా?" అంది. లారీ ఆసామి చేతికర్ర పట్టుకుని వచ్చి, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివి, ఎవరు రాశారని కూతుర్ని అడిగాడు. ఆమె నా వైపు చెయ్యి చూపేలోపే అక్క, "మా తమ్ముడప్పా" అని చెప్పింది. బస్సుకు టైమైందని బయలుదేరుతూ, కుంచెల డబ్బా ఉన్నచోటనే వదిలేసి, "రంగు ఆరకముందే కడుగు. నూనె మర్చిపోవద్దు" అంది. ఆమె పోయాక తొమ్మిదింటినీ కడిగాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఇప్పుడు కొట్టు ముందు కూర్చుంటే రోజుకు ఎన్నో బండ్లు పోతాయి. వాటిలో చాలావాటి మీద అక్షరాలు మా మిషనువే, ఒక 'అ'కూ ఇంకో 'అ'కూ వెంట్రుకవాసి తేడా ఉండదు, కొలవాల్సిన పని కూడా లేదు. ఒకప్పుడు ఘాటు రోడ్డు మలుపులో బండి తోక కనిపిస్తే చాలు, ఇది చిత్తూరు చెయ్యి, ఇది మదనపల్లె చెయ్యి, ఇది వేలూరు నుంచి వచ్చినవాడి చెయ్యి అని డ్రైవర్లు పందెం వేసుకునేవాళ్ళు, మనమూ బస్సు కిటికీలోంచి చూసి చెప్పుకునేవాళ్ళం. ఒక మనిషి నిలబడి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తలెత్తి చూసి, మళ్ళీ దగ్గరికి పోయి రాసిన అక్షరాలవి. ఇప్పుడు అక్షరాలు తప్పులేకుండా ఉన్నాయి, దూరానికి కూడా చక్కగా కనిపిస్తాయి. ఎవరి చెయ్యి అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా, చెప్పడానికి అక్కడ ఎవరి చెయ్యీ లేదు.