దారి ఇవ్వకుండా తొక్కిన పందెం

షుగరు వచ్చిందని, రోజూ గంటసేపు నడవాలని డాక్టరు చెప్పినప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్లు. వనపర్తిలో బస్సు కండక్టరును. పొద్దంతా నిలబడే పని చేసేవాడికి మళ్లీ నడక అంటే డ్యూటీ పొడిగించినట్టే అనిపించింది. అందుకే సైకిల్ కొన్నాను.

పొద్దున్నే ఊరి బయటి రోడ్డు మీద తొక్కుతుంటే ఇద్దరు కలిశారు. ఒకతను మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్. నాకంటే మూడేళ్లు చిన్న, కాళ్లలో బలం మాత్రం నాకు రెండింతలు. అతన్ని తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. రెండో ఆమె దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోయే ముందు గంటసేపు సైకిల్ తొక్కేది. ఆమె నాకు చెల్లె అయింది. ముగ్గురం రెండేళ్లు కలిసి తొక్కాం.

ఆ రోజుల్లోనే మా వైపు మట్టి పందేలు మొదలయ్యాయి. పెట్టేవాళ్లు వాటిని సైక్లోక్రాస్ అంటారు. రోడ్డు ఉండదు. బురద, ఇసుక, గట్లు, అడ్డంగా పడేసిన దుంగలు. తొక్కలేని చోట దిగి సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తాలి. ఒకే దారిలో నాలుగు చుట్లు. నలభై ఐదు దాటినవాళ్లకు వేరే పందెం, దానికి మాస్టర్స్ అని పేరు. ఆ పేరు విని మా తమ్ముడు ఒక వారం నవ్వాడు.

మొదటి పందెం నాగర్‌కర్నూల్ దగ్గర తొక్కాం. నేను తమ్ముణ్ణి దాటాలని చూశాను, అతను నన్ను దాటాలని చూశాడు. ఇద్దరం ఒకరి దమ్ము ఒకరం తీసి చివరికి తొమ్మిది, పది స్థానాల్లో వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు చెల్లె బస్సులో మమ్మల్ని కడిగేసింది.

"మీ ఇద్దరికి మీరే పోటీ ఐతున్రు. మిగిలినోళ్లు సల్లగ పోయిన్రు. ఇద్దరు కలిసి ఒక్కరిని గెలిపియ్యరాదా?"

తరువాతి పందెం పెబ్బేరులో అని తెలియగానే ఆమె మమ్మల్ని ముందే తీసుకుపోయి దారి చూపించింది. సంత లేని రోజు పశువుల మైదానం ఖాళీగా ఉంది. నేలంతా గిట్టల గుంటలు. అక్కడి నుంచి దారి బీడు చేనులోకి, ఇసుకలోకి, కాలువ గట్టు మీదికి పోతుంది. గట్టు దిగాక ఒక పక్క కాలువ, ఇంకో పక్క తుమ్మ కంప. మధ్యలో ఒక్క సైకిలే పట్టే సందు. అది దాటితే మళ్లీ మైదానమే.

చెల్లె సందు మొదట్లో ఆగింది. "అన్నా, సందులకు తమ్ముడు మొదలు పోవాలె. ఆయన ఎనకనే నువ్వు. నువ్వు జర మెల్లగ తొక్కు. నిన్ను దాటనీకి ఎవ్వరికీ జాగ లేదు. గంతలో తమ్ముడు దూరం పోతడు."

"గది తప్పు కాదా?" అన్నాను.

"పందెం పెట్టేటోళ్లను అడిగిన. నెట్టొద్దు, ఆగొద్దు అన్నరు. మెల్లగ పోవద్దని ఎవ్వరనలే."

పందెం పొద్దున చెల్లె ఆడవాళ్ల విభాగంలో తొక్కి నాలుగో స్థానంలో వచ్చింది. చెమట తుడుచుకుంటూనే మైదానం పక్కన, చక్రాలు మార్చుకునే చోట మా స్పేర్ చక్రం పట్టుకుని నిలబడింది. మా విభాగంలో పద్దెనిమిది మందిమి.

విజిల్ వేయగానే ఊపిరంతా పెట్టి తొక్కాను. గట్టు కింద దిగి సైకిల్ భుజానికెత్తుకున్నప్పుడు తమ్ముడు నాకు నాలుగడుగుల ముందున్నాడు. గట్టు దాటి, ఇద్దరం అనుకున్నట్టే సందులోకి దూకాం. అతను దూసుకుపోయాడు. నేను పెడల్ మీద బరువు తగ్గించాను.

నా వెనకే ఒకాయన వచ్చాడు. గళ్ల చొక్కా, పాత ఇనుప సైకిల్. ఇటిక్యాల వైపు మిరప వేసే రైతు అని తరువాత తెలిసింది.

"జరుగన్నా! జర జరుగు!" అని అరిచాడు.

బస్సులో రోజుకు వందసార్లు నేను అనే మాట అది. నన్నెవరైనా అనగా ఎప్పుడూ వినలేదు. చెవులు వేడెక్కాయి. జరగడానికి చోటు లేదు, ఉన్నా జరగకూడదు. వెనక బ్రేకులు కీచుమంటున్నాయి, ఎవరో తిట్టారు. నేను తల వంచుకుని ముందు చక్రం వైపే చూస్తూ తొక్కాను.

మైదానంలోకి రాగానే ఆయన నన్ను దాటాడు. బీడు చేనులో మళ్లీ నేను దాటాను. గట్టు ఎక్కేటప్పుడు నేనే ముందుండాలని గుండె పగిలేలా పరుగెత్తాను. రెండో చుట్టులోనూ సందులో నా వెనక ఆయనే. ఈసారి అరవలేదు. అరిస్తేనే బాగుండేదనిపించింది. మూడో చుట్టులోనూ అంతే. అప్పటికి తమ్ముడు చేనుకు అవతలి అంచున చిన్నగా కనిపిస్తున్నాడు.

నాలుగో చుట్టులో సందు దాటి మైదానంలోకి వచ్చేసరికి తమ్ముడు చక్రాలు మార్చే చోట ఉన్నాడు. అతని ముందు చక్రంలో ముల్లు దిగింది. అక్కడిదాకా సైకిల్ మోసుకుంటూ పరుగెత్తి వచ్చాడు. చెల్లె మోకాళ్ల మీద కూర్చుని చక్రం బిగిస్తోంది.

అదే క్షణంలో గళ్ల చొక్కా నా పక్క నుంచి దూసుకుపోయింది. ఆయన వెంట పోదామని లేచి నిలబడి తొక్కాను. కాళ్లు మాట వినలేదు. గట్టు దగ్గర పెట్టిన పరుగులు అప్పుడు తెలిశాయి.

తమ్ముడు సైకిల్ ఎక్కడం, ఆ రైతు అక్కడికి చేరడం ఒకేసారి జరిగాయి. గిట్టల గుంటల మీద ఇద్దరూ ఎగిరెగిరి పడుతూ ముగింపు గీత దాకా పోయారు. సైకిల్ పొడవు తేడాతో రైతు గెలిచాడు. నన్ను ఇంకో నలుగురు దాటారు. ఏడో స్థానంలో వచ్చాను.

నీళ్ల డ్రమ్ము దగ్గర ఆయన ముఖం కడుక్కుంటుంటే దగ్గరికి పోయాను. పోకపోతే ఆ రోజు నాకు అన్నం దిగేది కాదు.

"సందుల నేను కావాలనే మెల్లగ తొక్కిన. మా తమ్ముడు గెలవాలని," అన్నాను.

"తెల్సు," అన్నాడు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "మొదటి చుట్టుల బగ్గ కోపమొచ్చింది. కాలువల తోసేద్దామనుకున్న."

"మరి తోయలేదేంది?"

"రెండో చుట్టుల ఊపిరందింది. నాకొక రోగముందన్నా. మొదలువెడితే ఆగకుంట తొక్కుత, మూడో చుట్టుకు సచ్చిపోత. పోయినసారి మధ్యలనే దిగిన. నువ్వు అడ్డముంటివి గద, సందు వచ్చినప్పుడల్లా కాళ్లకు ఆరాం దొరికింది."

వెనక నిలబడి విన్న చెల్లె ముందు నోరు మూసుకుంది, తరువాత ఆపుకోలేక నవ్వేసింది. "మూడు చుట్లు మా అన్న మనకు పని చేస్తుండనుకున్న. ఈ అన్నకు గూడ చేసిండు!"

తమ్ముడు మాత్రం నవ్వలేదు. విప్పిన చక్రం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. అరిగిన టైరును వేలితో చూపిస్తూ అన్నాడు: "టైరు అరిగిందని నిన్ననే చూసిన. ఈ ఒక్క పందానికి నడుస్తదిలే అనుకున్న. నువ్వు గంత చేసినవ్, నేను పాడు చేసిన."

"నేను చేసింది ఆయనకు గూడ పనికొచ్చిందంట."

"నాకు పనికొచ్చింది. నువ్వు లేకుంటే చక్రం మార్చనీకి టైమే లేకుండె." చక్రం పక్కకు పెట్టాడు. "ఇంకోటి చెప్పనా? ముందు ఒక్కణ్నే పోతుంటే మంచిగనిపియ్యలే. ఎనకకు చూసుడే సరిపోయింది."

తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి ఆ రైతు కృష్ణా నది మీది వంతెన దాటి మా వైపు వచ్చేవాడు. పెబ్బేరు దగ్గర కలిసి నలుగురం తొక్కేవాళ్లం. సైకిల్ భుజాన వేసుకోవడం ఆయన్ని చూసి నేర్చుకున్నాం. ఎరువు బస్తా ఎత్తినట్టు ఒక్క ఊపులో ఎత్తేవాడు, సీటు మెడకు తగలకుండా. ఆయనకు నెమ్మదిగా మొదలుపెట్టడం నేర్పడం మాత్రం మావల్ల కాలేదు.

గద్వాల దగ్గర పందెం వచ్చినప్పుడు చెల్లె కొత్త పథకం వేసింది. తీరా పోయి చూస్తే అక్కడ సందే లేదు. అంతా విశాలమైన బీడు, ఎదురుగాలి. ఆమె కాసేపు దారి వైపు చూసి, "ఇయ్యాల ఎవరిది వాళ్లే తొక్కుండ్రి," అని చక్రం పట్టుకుని నీడకు పోయింది. తమ్ముడు కొత్త టైర్లతో మొదట్లోనే ముందుకు పోయి మూడో స్థానం తెచ్చుకున్నాడు.

రైతు అలవాటు ప్రకారం దూకుడుగా పోయి రెండో చుట్టుకల్లా సల్లబడ్డాడు. నేను ఆయన్ని అందుకుని, వదిలి పోకుండా, గాలికి అడ్డంగా ఆయన ముందు తొక్కాను. కాసేపయ్యాక ఆయన ముందుకొచ్చి నన్ను వెనక పెట్టుకున్నాడు. అలా మార్చుకుంటూ మిగిలిన చుట్లు పూర్తి చేశాం. మధ్యలో ఊపిరి ఉన్నప్పుడు మిరపకు పట్టిన ఆకుముడత తెగులు గురించి చెప్పాడు. ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో వచ్చాం. ఎనిమిది ఆయనది. నువ్వే ఇచ్చావని ఆయన, లేదు నువ్వే గెలుచుకున్నావని నేను, టిఫిను తినేదాకా వాదించుకున్నాం.