అమ్మ కెంపు, మస్తాన్ అయస్కాంతం

నలభై ఏళ్లుగా మా అమ్మ పెళ్లిళ్లలో ఉంగరమున్న చెయ్యే ఊపుతూ మాట్లాడుతుంది. అందులో ఉన్నది కెంపని తెలియని చుట్టం ఆళ్లగడ్డలో లేదు. ఈ రోజు పొద్దున ఆ రాయి ఊడిపోతే, నంద్యాలలో ఉంగరాలకు రాళ్లు పొదిగే మస్తాన్ దగ్గరికి వెళ్లాం. ఆయన రాయిని చూసి, నీళ్లగిన్నెలో తేలే థర్మాకోల్ ముక్క మీద పెట్టి, దగ్గరగా అయస్కాంతం పట్టాడు. ముక్క రాయితో సహా పడవలా దాని వెంట వచ్చేసింది.

"కెంపయితే ఇట్ల రాదమ్మా. ఇది గార్నెట్టు, చౌక రాయి. దీంట్లో ఇనుముంటాది" అన్నాడు.

అమ్మ ఏమాత్రం తొణకలేదు. "ఆ అయస్కాంతం యాడ కొన్నావప్పా? అదే డూప్లికేటేమో చూస్కో!"

మస్తాన్ అయస్కాంతం పక్కన పెట్టి రాయి పొదిగిచ్చాడు. తిరుగు బస్సు శిరివెళ్ల చేరేలోపే అమ్మ పక్కసీటావిడకు తన కెంపు చూపించేసింది.

మీలో ఎవరి దగ్గరైనా అసలైన అయస్కాంతం ఉంటే చెప్పండి.