ఆఖరుసారి బిగించిందెవరు?

గొల్లపల్లి అప్పయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఊడనని మొరాయించే మరమేకు ఏదైనా సరే, దాన్ని ఆఖరుసారి బిగించింది ఎవరో తేలేదాకా పని ముగించేవాడు కాదు. మరలు తిప్పే పేచ్‌కస్‌ను చెవి మీద దోపుకుని, ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టి విచారణ మొదలుపెట్టేవాడు. బస్తరు రాజ్యంలో నేరాలు విచారించే కచేరీ ఎక్కడో జగ్‌దల్‌పూర్‌లో ఉన్నా, ఊళ్లో ఆ లోటు తెలియకుండా చేసినవాడు అప్పయ్యే.

చిత్రమేమిటంటే, ఇంత విచారణ చేసీ ఒక్క నేరస్థుణ్నీ పట్టింది లేదు. మంగ్లూ కుట్టుమిషను బిగుసుకుపోతే ఆ ఇంట్లో ఆరుగుర్నీ పూటంతా ప్రశ్నించి, చివరికి తప్పు వానదని తేల్చాడు. హిడ్మా సైకిలు విషయంలో కోతిని దోషిని చేశాడు. ముయా లాంతరు మర అరిగిపోతే, పన్నెండేళ్ల కిందట పోయిన వాళ్ల తాత మీదికి తోశాడు. లాంతరు కొని రెండేళ్లే అయిందని ముయా గుర్తుచేస్తే, "మీ తాత చెయ్యి సంగతి నీకు తెల్వదు" అన్నాడు. ఈ తీర్పులు చెప్పుకుని ఊరంతా కడుపుబ్బ నవ్వుకునేది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రామయ్య ఇంట్లో గ్రామఫోను మూగబోయింది. కుంట ఊరి రేవు దాకా పడవలోనూ, అక్కడి నుంచి ఎడ్లబండిలోనూ పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని రామయ్య తెచ్చుకున్న పెట్టె అది. సూదిని పట్టి ఉంచే చిన్న మర తల విరిగిపోయి, మొండెం లోపలే ఇరుక్కుపోయింది.

విరగ్గొట్టింది కోడలు సుక్కి. ఆమె కాపురానికొచ్చి మూడు నెలలైంది. యుద్ధం పుణ్యమా అని సంతలో ఇనుప సూదులు దొరక్క, రామయ్య ఈతముల్లు చెక్కి పెట్టి పాటలు వినేవాడు. ఆయన పొలానికి పోయిన సమయం చూసి, ఒక్క పాట విందామని సుక్కి కూడా కొత్త ముల్లు పెట్టింది. సన్నటి ముల్లు ఎంత బిగించినా జారిపోతోంది. చేతికి అందిన అడకత్తెరతో, అత్త వక్కలు కత్తిరించేదానితోనే, మరను పట్టి ఒక్క తిప్పు తిప్పింది. టక్కుమని తల ఊడి ఒళ్లో పడింది.

"దాన్ని నేను తప్ప ఈ ఇంట్ల ఎవ్వరూ ముట్టరు" అని రామయ్య రోజుకు నాలుగుసార్లు గొప్పలు చెప్పుకునేవాడు. ఇప్పుడు మీసం వణికిస్తూ, "ముట్టినోళ్లెవరో తేలాలె. తేలినంక వాళ్లకు ఈ ఇంట్ల మంచినీళ్లు గూడ పుట్టయ్" అన్నాడు. సుక్కి మొగుడితో చెప్పే ధైర్యం కూడా లేక, రెండు చీరలు మూటగట్టి గాదె వెనక పెట్టుకుంది. భేజ్జిలో ఉన్న తల్లికి ఏ మొహం చూపించాలో మాత్రం తోచలేదు.

అప్పయ్య రానే వచ్చాడు. ఇప్పనూనె, కిరసనాయిలు కలిపి మర మొండెం మీద రెండు చుక్కలు వేసి, అది లోపలికి దిగేలోపు విచారణ కానిద్దామన్నాడు. రామయ్య భార్య సోమమ్మ, గరిటె తప్ప మరేదీ తిప్పి ఎరగనని చెప్పి తప్పుకుంది. తరవాతి వంతు సుక్కిది.

అప్పయ్య విరిగిన తలను అరచేతిలో వేసుకుని చూశాడు. ఒక పక్క కత్తి దిగిన గాటు, రెండో పక్క ఒత్తిన నొక్కు. గోడకు వేలాడుతున్న అడకత్తెర వైపు చూశాడు. దాని అంచు కొంచెం లేచిపోయి ఉంది. సుక్కి నోరు తెరవబోతుండగా గిరుక్కున రామయ్య వైపు తిరిగాడు.

"నువ్వు తప్ప ఎవరూ ముట్టరంటివి గదా?"

"ముట్టరు."

"ఒట్టేనా?"

"ఒట్టే."

"అయితే నువ్వే బిగించినవు."

రామయ్య తెల్లబోయాడు. కాదనాలంటే, తన పెట్టెను ఇంట్లో అడ్డమైనవాళ్లూ ముడుతున్నారని ఒప్పుకోవాలి. మీసం నిమురుకుని, "నాగలి పట్టే చెయ్యి గద, జర గట్టిగ పడ్డదేమో" అన్నాడు.

విచారణ ముగిసింది కాబట్టి అప్పయ్య పనిలోకి దిగాడు. మొండెం నెత్తిన సన్నటి ఆకురాయితో గాడి కోశాడు. కాల్చిన ఇనుప పుల్లను దానికి తాకించి వేడెక్కించాడు. పేచ్‌కస్ గాడిలో పెట్టి, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు, ఆపైన వదులు చేసే వైపు, మళ్లీ ఇటు, మళ్లీ అటు తిప్పాడు. పావుగంటకు మొండెం బుద్ధిగా బయటికొచ్చింది. తన డబ్బాలోంచి సరిపోయే మర వెతికి బిగించాడు. గ్రామఫోను గొంతు విప్పింది.

సోమమ్మ మాత్రం మాటంటే మాటే అంది. రామయ్య మంచినీళ్లడిగితే, ఈ ఇంట్లో పుట్టవుగా అని గుర్తుచేసింది. పాపం, రెండు రోజులు మంగ్లూ ఇంటికెళ్లి నీళ్లు తాగొచ్చాడు.

అప్పయ్యను సాగనంపుతూ సుక్కి వాకిట్లో మెల్లగా, "పెదనాయినా, అది నేనే" అంది.

"ఇప్పుడెందుకు బిడ్డా? విచారణ అయిపాయె. ఒకసారి తేలినంక మళ్ల ఎవరడుగుతరు?" అన్నాడు అప్పయ్య. "రేపు ఆ అడకత్తెర పట్టుకరా, సాన పెడ్త."

సుక్కి మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. మర్నాడు నీళ్ల దగ్గర మంగ్లూ కోడలు నందే చెవిలో సంగతంతా ఊదింది. నందే నవ్వాపుకోలేక బిందె దింపి, ఆ కుట్టుమిషను వాన తానేనంది. పక్కనే ఉన్న ముయా ఇంటావిడ భీమే, ఆ లాంతరు తాత తనేనని ఒప్పుకుంది. అందరికంటే ముందు అప్పయ్యే విచారణ చేసేసి, తిట్టడానికీ కొట్టడానికీ వీల్లేనివాళ్ల మీద తప్పు వేసేవాడు ఆ మహానుభావుడు. సుక్కికి ఆ మనిషి కాళ్లకు మొక్కాలనిపించింది.

నెల తిరక్కుండానే సోమారు ఇంట్లో తలుపు గొళ్లెం మర విరిగింది. అప్పయ్య అందర్నీ వాకిట్లో వరసలో నిలబెట్టాడు. సోమారు చిన్నకోడలు మొహంలో నెత్తురు చుక్క లేదు. దారిన పోతున్న సుక్కి నెత్తిన బిందెతోనే ఆగింది.

"కోతి, పెదనాయినా. నా కళ్లార చూసిన" అంది.