పూల పంపు

మురుగు పంపు మీద పూలు గీసినవాణ్ణి మా ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. కువైట్‌లోనూ అదే అన్నారు. గీసింది నేనే. అదీ ఇరాక్ సైనికులు కంటికి కనిపించినదల్లా లారీకెత్తుకుపోతున్న రోజుల్లో.

తప్పంతా ఒక పుస్తకానిది. ఫర్వానియాలో మురుగు తోడే స్టేషన్‌లో నేను పంపు ఆపరేటర్ని. దాడికి ముందే ఉద్యోగం మాని వెళ్లిన తెల్ల ఇంజనీరు పోతూ పోతూ ఒక బొమ్మల పుస్తకం ఇచ్చాడు. విక్టోరియా రాణి నాటి లండన్ మురుగు కాలవలు. ఎర్ర ఇటుకల సొరంగాలు, కోడిగుడ్డును సన్నని కొన కిందికి పెట్టి నిలబెట్టినట్టుగా. నీళ్లు కొంచెమే వచ్చినా ఆ సన్నటి అడుగున జోరు తగ్గదు, మడ్డి పేరుకోదు. ఎవరూ తొంగిచూడని చోట ఎంత ముచ్చటైన పనితనం! పంపుల ఇంట్లో ఇనుప స్తంభాలకు ఆకులూ పూలూ పోతపోశారు. ఊరి కంపు మోసేవాటికి అంత మర్యాదా అని నాకు కళ్లు చెమర్చాయి. కంపు వల్ల కూడా కావచ్చు.

యుద్ధం వచ్చాక స్టేషన్‌లో నేనూ, నాతో గదిలో ఉండే కడప అన్నా మిగిలాం. రెండు పంపుల్లో ఒకటి కాలిపోయింది. రెండోది కూడా ఆగితే, ఒక్కో గదిలో పదిమంది చొప్పున ఇరుక్కున్న మనవాళ్ల మరుగుదొడ్లలోంచి మురుగు పైకి తన్నుతుంది. భయం మరిచిపోవడానికి ఆ బతికున్న పంపుకు పచ్చరంగేసి, ఎర్ర పూలు గీశాను.

"ఏమబ్బీ, పంపుకు పెండ్లి చేస్తాండావా?" అన్నాడు అన్న.

"మురుగుకు మెరుగు పెడ్తాండాన్నా."

"ఆ మెరుగు సూసే దొంగలొస్తారు, సూడు."

వచ్చారు. ఒక మధ్యాహ్నం ఒక సైనికుడు తలుపులోంచి తొంగిచూసి, పూల దగ్గర ఆగిపోయాడు. "జైన్," బాగుందన్నాడు. "బుక్రా," రేపు లారీ తెస్తానని చేత్తో చూపించి వెళ్లాడు.

అన్న తలుపు మూసి వచ్చి, పూల ముందు కూలబడ్డాడు.

"వాడు పూలు సూసినాడు గానీ పంపు సూల్లేదు గదన్నా," అన్నాను చివరికి.

ఆ సాయంత్రమే కాలిపోయిన పంపుకు పచ్చరంగు, ఎర్ర పూలు. బతికున్నదానికి గ్రీజు, దాని మీద మడ్డి. నేను గీసిన పూలను నేనే నా చేత్తో పూడ్చాను.

పొద్దున లారీ చప్పుడు వినగానే మెయిన్ స్విచ్ ఆపేశాం. ఈసారి ఒక ఆఫీసరు, నలుగురు సైనికులు. ఆఫీసరు పూల పంపు మీద వేలు పెట్టాడు. వేలికి రంగు అంటింది.

"మీరొస్తున్నారనే నిన్న ఇంకో పూత వేశాను," అన్నాను నా వంకర అరబ్బీలో. ఆయన మీసం మెత్తబడింది. నడిపించి చూపమన్నాడు. కరెంటు లేదన్నాను. మడ్డి పట్టినదాన్ని చూపించి ఇదేమిటన్నాడు. "ఖర్బాన్," చెడిపోయిందని చెప్పి ముక్కు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నాడు.

బోల్టులు ఊడదీయడానికి గంట పట్టింది. పంపు ఆగిపోవడంతో, మురుగు వచ్చి చేరే గోతిలో నీళ్లు అంచుకు జానెడు కిందికి వచ్చేశాయి. తొందరగా తెమలాలని స్పానర్లు నేనే అందించాను. "వాకిట్లోంచి సాగనంపేదొకటే తక్కువ," అని అన్న గొణిగాడు.

చివరికి సైనికులు నలుగురూ పంపును రొమ్ముకు హత్తుకుని మోశారు. లారీ ఎక్కి ఇటు తిరిగినప్పుడు చూశాను: నాలుగు యూనిఫారాల మీదా పచ్చగా, ఎర్రగా నా పూలు.

వాళ్లు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, లోపలికొచ్చి స్విచ్ వేశాను.