ప్లగ్గు పీకేసిన సర్వరు వద్దంది

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే కంప్యూటర్ల మీద కూడా పెద్దగా లేదు. రెండోదాని వల్లే ఉద్యోగం దొరికింది.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్స్ చూస్తాను. సిస్టమ్స్ అంటే సర్వర్లు, ప్రింటర్లు, వార్డుల్లో టీవీ రిమోట్లు, అప్పుడప్పుడు లిఫ్టు. ఎంటెక్ చదివాను. ఆ సంగతి ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మా ఆసుపత్రికి పాయకరావుపేటలో ఒకటి, రావికమతంలో ఒకటి చిన్న బ్రాంచీలున్నాయి. మూడు చోట్లా ఒక్కో సర్వరు. పేషెంటు వివరం ఏది ఎక్కించినా మూడూ ఒకదాన్నొకటి అడుగుతాయి. కనీసం రెండు సరే అంటేనే అది సేవ్ అవుతుంది. ఏ ఒక్క మిషన్నీ పూర్తిగా నమ్మకూడదని తెలిసిన బుద్ధిమంతులెవరో కనిపెట్టిన పద్ధతి. మా ఇంట్లోనూ ఇదే నడుస్తుంది. నేను, మా ఆవిడ, మా అత్తగారు. ముగ్గురిలో ఇద్దరు సరే అంటే పనైపోతుంది. ఆ ఇద్దరిలో నేనింతవరకూ లేను.

సర్వరు కాదనడానికి ఒకే ఒక్క కారణం ఉంటుంది. ‘ఈ పేషెంటు గురించి నా దగ్గర ఇంతకంటే కొత్త వివరం ఉంది’ అని. అలా ఏ ఒక్కటి చెప్పినా, మిగతా రెండూ ఒప్పుకున్నా సరే, సేవ్ ఆగిపోతుంది. ఆ వివరం మళ్ళీ మొదటినుంచి తీసుకోవాలని మా ఆసుపత్రి రూలు. అంతకుమించి సర్వరుకి తెలివి లేదు. రక్తం అంటే ఏమిటో, మనిషంటే ఏమిటో దానికి తెలీదు.

ఇది ఆయుధపూజ రోజు జరిగింది. మా వైపు పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దుటిదాకా ముట్టుకోరు. తాపీ అయినా, కుట్టుమిషనైనా అంతే. పండక్కి రావికమతం బ్రాంచికి సెలవు. అక్కడి కాంపౌండరు అప్పలనాయుడు గారు సర్వరుని పీట మీద పెట్టి, బంతిపూల దండ వేసి, నెత్తిన నిమ్మకాయ పెట్టి, నాకు వాట్సాప్‌లో ఫోటో పంపారు. పక్కనే వైరు చుట్ట చుట్టి ఉంది. ఫోన్ చేశాను.

“ప్లగ్గు ఎందుకు పీకారండీ?”

“ఏటి బాబూ, ఏడాదంతా నిద్దర నేకుండా పన్జేసింది. ఒక్కరోజు ఒగ్గీలేవా?”

నా గురించి ఈ మాట ఎవరూ అనలేదు. నేనారోజు డ్యూటీలో ఉన్నాను. మిగిలిన రెండు సర్వర్లూ ఉన్నాయి కదా, చాలు అనుకుని వదిలేశాను.

మధ్యాహ్నం ఏజెన్సీ కొండల వైపు నుంచి జీపులో ఒకామెను తెచ్చారు. కొండమ్మ అనుకోండి. దార్లోనే కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది, ఆమెకి రక్తం ఆగట్లేదు. రక్తం ఇస్తానని చెల్లెలు వెంట వచ్చింది. పండగపూట స్టాఫ్ తక్కువ. స్టాఫ్ నర్సు రమణమ్మ గారు ఇద్దరికీ రక్తం తీసి ఒకే ట్రేలో పెట్టారు. ల్యాబులో సత్తిబాబు పరీక్ష చేసి, కొండమ్మది ఏ పాజిటివ్ అన్నాడు. అది కంప్యూటర్లో సేవ్ అయితేనే ఫ్రిజ్‌లోంచి బ్లడ్ బ్యాగు ఇస్తారు.

సేవ్ కాలేదు. ‘రావికమతం దగ్గర కొత్త వివరం ఉంది’ అని ఎర్రటి అక్షరాలొచ్చాయి.

“ఓ కంప్యూటర్ బాబూ, బేగి రా!” అని రమణమ్మ గారి కేక. నేనెళ్ళి మళ్ళీ నొక్కాను. అదే మాట. పాయకరావుపేట సరే అంది, నర్సీపట్నం సరే అంది, దండేసుకుని పీట మీద కూర్చున్నది వద్దంటోంది. అప్పలనాయుడు గారికి ఫోన్ చేసి, మిషన్ ఆన్ చేశారా అనడిగాను.

“పూజలో ఎట్టింది ముట్టుకుంతానేటి బాబూ? తాళమేసీసి ఇంటికొచ్చీసినాను.”

“అక్కడ మడిసికి రగతం పోతంది, ఇక్కడ నీ పెట్టి అలిగింది,” అన్నారు రమణమ్మ గారు. గుమ్మం దగ్గర కొండమ్మ మొగుడు బిడ్డనెత్తుకుని నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు.

అడ్డు తీసేసే పాస్‌వర్డు ఒకటి నా దగ్గరుంది. కొట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి తప్పు కొట్టాను. అప్పుడొచ్చారు డ్యూటీ డాక్టరమ్మగారు. స్క్రీన్ చూసి, “ఈయనకి పాస్‌వర్డు గుర్తొచ్చేలోపు నేను మళ్ళీ రక్తం తీసేస్తాను,” అంటూ వెళ్ళి స్వయంగా తీశారు.

సత్తిబాబు పరీక్ష చేశాడు. ఓ పాజిటివ్. డాక్టరమ్మగారు పక్కన నిలబడి మళ్ళీ చేయించారు. ఓ పాజిటివే. ట్రేలో అక్కాచెల్లెళ్ళ గొట్టాలు తారుమారయ్యాయి. ఏ పాజిటివ్ చెల్లెలిది. ఆ బ్యాగు ఎక్కించి ఉంటే కొండమ్మ బతికేది కాదు. బ్యాగులో రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష ఇంకోటి ఉంది గానీ, అదీ ఆ గొట్టంలో రక్తంతోనే చేస్తారు. దొరికేది కాదు.

ఓ పాజిటివ్ అని కంప్యూటర్లో ఎక్కించగానే సేవ్ అయిపోయింది. రావికమతం కిక్కురుమనలేదు. బ్యాగు వచ్చింది. సాయంత్రానికి కొండమ్మ కళ్ళు తెరిచి, బిడ్డ పాలు తాగిందా అని అడిగింది. రమణమ్మ గారు ఆ రోజంతా నన్ను మీరు అని పిలిచారు.

మర్నాడు రావికమతం వెళ్ళాను. అప్పలనాయుడు గారు నా ముందే తాళం తీశారు. దండ వాడింది, నిమ్మకాయ అలాగే ఉంది. ఆయన భక్తి కొద్దీ ప్లగ్గు పిన్నులకి కూడా కుంకుమ పెట్టారు. ఆ బొట్లు చెరగలేదు. ఆన్ చేసి చూశాను. పండగ ముందురోజు తర్వాత అందులో ఏమీ లేదు. కొండమ్మ ఎవరో దానికి తెలీదు. మిగతా రెండిటినీ అడిగి అప్పుడే తెలుసుకుంది.

పాత మెసేజి ఏదో దార్లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చిందేమో అనుకున్నాను. కానీ కొండమ్మ మా ఆసుపత్రి గుమ్మం తొక్కడమే అదే మొదటిసారి. ఆమె పేషెంటు నెంబరు పుట్టిందే ఆ మధ్యాహ్నం. రావికమతం పేరుతో ఇంకో మిషన్ ఎక్కడైనా ఉందేమో వెతికాను. లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళకి అన్నీ పంపాను. “అలా జరగడానికి వీల్లేదు సార్,” అన్నారు. ప్రింటర్ గురించి నేను జనానికి చెప్పేటప్పుడు సరిగ్గా ఈ గొంతే వస్తుంది.

అమ్మవారే ఆపిందన్నారు రమణమ్మ గారు. ఇందులో ఇడ్డూరమేటుందన్నారు అప్పలనాయుడు గారు. ఇంత చదివినవాణ్ణి, నేను కంపెనీకి మళ్ళీ రాశాను.

తర్వాత కంపెనీ వాళ్ళు ఒక అప్డేట్ పంపారు. అది వేస్తే, ఆపేసి ఉన్న మిషన్ పేరుతో అభ్యంతరం రావడమనేది ఇక జరగదట. దాన్ని వెయ్యమని నా స్క్రీన్ మీద రోజూ ఒక పెట్టె వస్తుంది. ‘ఇప్పుడు’, ‘తర్వాత’ అని రెండు బటన్లుంటాయి.

పని ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పి రోజూ ‘తర్వాత’ నొక్కుతున్నాను.